ఆదివారాల బేరం

ఉదయం ఏడున్నరకు పార్కు నుంచి వచ్చిన వెంకటగిరియప్ప చెప్పులు విప్పకుండానే కూతుర్ని కేకేశాడు. చేతిలో నాలుగు కాగితాలు, ముఖం నిండా గర్వం.

"నళినీ! నలభై రెండు సంతకాలమ్మా! నడిచేటోళ్ళను నిలబెట్టి మరీ పెట్టించినాను. మోకాళ్ళ నొప్పులని ఒక పెద్దాయన కుంటుకుంటా పోతా ఉంటే, ఆయన్ని కూడా వదల్లేదు."

"ముందు చెప్పులు విప్పండి. ఇప్పుడే తుడిచి ఉండాను" అంది వంటింట్లోంచి భార్య భాగీరథమ్మ.

నళిని కుందలహళ్ళిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. ఐటీ ఉద్యోగుల సంఘానికి సహాయ కార్యదర్శి కూడా. కార్మిక చట్టాన్ని మార్చమని కోరుతూ ఆ సంఘం ఒక అర్జీ తిప్పుతోంది. ఎంత చిన్న చోటయినా సరే, పనివాళ్ళంతా కలిసి మాట్లాడదామంటే యజమాని కూర్చుని మాట్లాడి తీరాలి, అడిగినందుకు ఎవర్నీ పనిలోంచి తీసెయ్యకూడదు. అర్జీలోని ముఖ్యమైన కోరిక అదే.

అందులో మొట్టమొదటి సంతకం వెంకటగిరియప్పదే. పెద్ద కంపెనీలు తన కూతురిలాంటి పిల్లల్ని పీక్కు తింటున్నాయని ఆయన కడుపుమంట. చదివి సంతకం పెట్టాడా అంటే, లేదు. కూతురు పెట్టమంది, పెట్టాడు. బళేపేటలో ముప్పై ఏళ్ళుగా గాజుల హోల్‌సేల్ దుకాణం నడుపుతున్న ఆ మహానుభావుడికి, తాను కూడా ఒక యజమానినేనన్న సంగతి మాత్రం తట్టలేదు.

"అడిగే హక్కు లేనిది ఏం బతుకమ్మా అది?" అంటూ ఆయన కాఫీ అందుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడో లేదో, వీధి తలుపు గంట మోగింది.

నళిని వెళ్ళి తలుపు తీసింది. మునిరాజు! ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ ఎనిమిదింటికి పెరటి దారిన వచ్చి, మేకుకు తగిలించిన దుకాణం తాళాలు తీసుకుని వెళ్ళే మనిషి. అతను గంట కొట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అతని వెనక గాజులు ఏరి డజన్లు కట్టే సొన్నమ్మ, పెట్టెలు కట్టే సుబ్బరాయుడు ఉన్నారు. ముగ్గురూ ఉతికిన బట్టలు వేసుకుని పెళ్ళిచూపులకు వచ్చినట్టు నిలబడ్డారు.

"ఏమప్పా, ఎవరికేమాయ?" అంటూ కంగారుగా లేచాడు వెంకటగిరియప్ప.

"ఎవరికీ ఏమీ కాలేదన్నా. కలిసి మాట్లాడను వచ్చినాము" అని మునిరాజు ఒక కాగితం చాచాడు.

అందులో మూడు కోరికలు ఉన్నాయి. దుకాణంలో కూర్చోవడానికి తలా ఒక స్టూలు. దుకాణం మనుషుల్ని ఇంటి పనులకు పంపకూడదు. నెలకు ఒక్కటి కాదు, ప్రతి ఆదివారమూ సెలవు.

వెంకటగిరియప్ప కాగితాన్ని రెండుసార్లు చదివి కూతురి వైపు ఉరిమి చూశాడు. "ఇది నీ పనేనా?"

"దేవుడి తోడు నాయనా, నాకు తెలీదు!"

"పాప కాదన్నా, నువ్వే" అన్నాడు మునిరాజు నెమ్మదిగా. "గిరాకీలతో సంతకాలు పెట్టించమని ఆ అర్జీ దుకాణంలో ఇచ్చి పోతివి కదా. గిరాకీలు లేనప్పుడు ఊరికే సుమ్నే కూర్చునేది ఎందుకని చదివినాము. కూర్చునేది కూడా కాదులే, నిలబడుకునే చదివినాము."

"ఆ చట్టం ఇంకా రాలేదు కదరా!"

"రావల్లని నువ్వే సంతకం పెట్టినావు కదన్నా."

"అది కంపెనీలకు! అద్దాల మేడలకు!"

"ఎంత చిన్న చోటయినా అని రాసి ఉండాది నాయనా" అంది నళిని. నవ్వు దాచుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది.

భాగీరథమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, భర్త చేతిలోని కాగితం లాక్కుంది. మొదటి కోరిక చదివి, "అయ్యో, పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడితే కాళ్ళు ఏం కావల్ల? పాపం, ఇచ్చెయ్యండి!" అంది. రెండోది చదివేసరికి ఆమె గొంతు మారిపోయింది. "ఇంటి పనులా? ఇదెవరప్పా రాసింది?"

"వదినా, తప్పుగా అనుకోవద్దు. మొన్న కరివేపాకు లేతగా లేదని మూడుసార్లు మార్కెట్టుకు తిప్పితివి. పోయిన నెల మీ చెల్లెలి మనవడి బర్త్‌డేకి నూటయాభై బెలూన్లు ఊదినాను. రెండు దినాలు దవడలు పట్టుకుని పోయి, గిరాకీకి రేటు చెప్పలేకపోతిని."

"అదంతా నువ్వు ప్రేమగా చేసినావనుకుంటినే!"

"ఇరవై బెలూన్ల దాకా ప్రేమగానే ఊదినాను వదినా."

సొన్నమ్మ ఫక్కున నవ్వింది. వెంకటగిరియప్పకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "మాట్లాడేది లేదు, ఏమీ లేదు. పోయి దుకాణం తియ్యండి!" అని అరిచాడు.

మునిరాజు కదల్లేదు. "ఎదురు దుకాణం రాజగోపాల్ మమ్మల్ని పిలిచి ఉండాడన్నా. ఈ సాయంత్రానికల్లా మాట చెప్పమన్నాడు. నువ్వు మాట్లాడనంటే రేపటి నుంచి ముగ్గురమూ అక్కడికే."

వెంకటగిరియప్ప చప్పున కుర్చీలో కూర్చున్నాడు. ఏ గాజు ఏ అరలో ఉందో, ఏ ఊరి షాపువాళ్ళు ఏ రంగు అడుగుతారో, ఎవరికి అరువిస్తే తిరిగి రాదో, అంతా మునిరాజుకే తెలుసు. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడు. రేపు ఉదయం నుంచి ఆ మనిషి ఎదురు దుకాణం మెట్ల మీద కనిపిస్తాడన్న ఊహ ఆయన భరించలేకపోయాడు.

మునిరాజును పక్కకు పిలిచి వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "రేయ్, నువ్వు అన్ని ఆదివారాలూ తీసుకో. వాళ్ళిద్దరికీ చెప్పొద్దు. సరేనా?"

"నాకొక్కడికి వద్దన్నా."

"ఏమిరా వద్దు? ఇన్నేండ్లూ నువ్వు అడక్కుండానే ఇస్తిని కదా! నీ కూతురి పెండ్లికి ఇవ్వలేదా? మీ అమ్మ ఆస్పత్రిలో ఉంటే నేను రాలేదా?"

"వస్తివి, ఇస్తివి. కాదన్లేదన్నా. ఇచ్చినప్పుడల్లా దండం పెట్టి తీసుకున్నాను." మునిరాజు హాలు వైపు చూశాడు. "ఒక్కసారన్నా అడిగి తీసుకోవల్లని ఉండాది. సొన్నమ్మకు అడిగే నోరు లేదు. సుబ్బరాయుడికి నీ ముందర మాటే రాదు. వాళ్ళను వదిలిపెట్టి నేనొక్కడినే తీసుకుంటే, అది మళ్ళీ నువ్వు ఇచ్చినట్టే అవుతాది కదా."

వెంకటగిరియప్ప హాల్లోకి వచ్చేశాడు.

అక్కడ నళిని అప్పటికే కుర్చీలు ఎదురెదురుగా వేసి, లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. స్టూళ్ళ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. రెండో కోరిక దగ్గర భాగీరథమ్మ ఇరవై నిమిషాలు పోరాడింది. చివరకు దారిలో కరివేపాకు దొరికితే తేవడం, బెలూన్లు మాత్రం ఎన్నటికీ ఊదకపోవడం అనే షరతు మీద ఒప్పందం కుదిరింది.

ఆదివారాల దగ్గర బండి ఆగిపోయింది. మిగతా ఊరివాళ్ళకు తీరిక దొరికేది, బళేపేటకు బేరాలు తగిలేది ఆ రోజే.

"నీ ఓపెనింగ్ ఆఫర్ చెప్పు నాయనా" అంది నళిని.

వెంకటగిరియప్ప తలెత్తి చూశాడు. ఎదురుగా కుర్చీ అంచున మునిరాజు తల వంచుకుని ఉన్నాడు. ఎంత మొండి వ్యాపారినైనా మాటలతో పడగొట్టే ఆ పెద్దమనిషికి, ఈ మనిషితో బేరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

లేచి, భుజం మీద తువ్వాలు తీసి దులిపాడు. "చాప వెయ్యవే" అన్నాడు భార్యతో.

ఆయన తండ్రి మాలూరు సంతల్లో ఎద్దుల బేరం చేసేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరూ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటారు. చేతుల మీద తువ్వాలు కప్పి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పైకి అనడం నామర్దా. వెంకటగిరియప్ప గాజుల్లోకి దిగినా ఆ పద్ధతి వదల్లేదు. పెద్ద సరుకు వస్తే ఇప్పటికీ తువ్వాలు కిందే బేరం. అప్పుడు పక్కన నిలబడి కాఫీలు అందించేవాడు మునిరాజే. చాప మీద కూర్చునే పని అతనికి ఏనాడూ పడలేదు.

"కూర్చో. ఎదురుగా కూర్చుంటేనే బేరం."

మునిరాజు సొన్నమ్మ వైపు, సుబ్బరాయుడి వైపు చూసి, మెల్లగా కూర్చున్నాడు. తువ్వాలు కప్పారు.

"ఇదేం పద్ధతి నాయనా? ట్రాన్స్‌పరెన్సీ వద్దా? నేను మినిట్స్ ఏమని రాసుకోవల్ల?" నళిని గోల పెట్టింది.

"మునిరాజు మొహం చూస్తా ఉండమ్మా, తెలిసిపోతాది" అంది సొన్నమ్మ.

మునిరాజు నాలుగు వేళ్ళు పట్టాడు. వెంకటగిరియప్ప రెండు పట్టాడు. మునిరాజు మళ్ళీ నాలుగు. ముసలాయన కనుబొమలు ఎగిరాయి. ఎప్పుడు నేర్చాడు వీడు ఇంత గట్టిగా పట్టడం? పళ్ళు బిగించి మూడో వేలి కోసం తడిమాడు. ఆ వేలు పుల్లలా నిటారుగా ఉండిపోయింది, ఎంత వంచినా వంగలేదు.

"ఏమిరా ఇది? ఈ వేలు వంగదేమి?"

"అది వంగదులే అన్నా. గాజు ముక్క దిగింది, నరం పోయింది."

"ఎప్పుడు?"

"పదకొండేండ్లు ఆయె. నువ్వు వదిన్ని తీసుకుని కాశీకి పోయి ఉంటివి."

మెట్లెక్కి వచ్చే ఆడవాళ్ళ చెయ్యి చూసి ఏ సైజు గాజు పడుతుందో చెప్పేసే మనిషి వెంకటగిరియప్ప. అదే దుకాణంలో, తన పక్కనే, పదకొండేళ్ళుగా ఒక వేలు వంగకుండా పెట్టెలు మోసిందని ఆయనకు తెలియదు. ఆ చేతిలో ఎన్నోసార్లు డబ్బు పెట్టాడు గానీ, ఆ చేతిని పట్టుకున్నది ఇవాళే. ఆయన కళ్ళు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఒక్క మాట చెప్పకూడదా రా నాకు?"

"నువ్వు అడగలేదు కదన్నా."

భాగీరథమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాలుగు!" అన్నాడు వెంకటగిరియప్ప, పక్కింటికి వినిపించేంత గట్టిగా. "నాలుగు ఆదివారాలూ! ముగ్గురికీ! రాసుకోమ్మా నళినీ. అయిదు ఆదివారాలు వచ్చే నెలలో అయిదు!"

నళిని గబగబా టైపు చేసింది. సుబ్బరాయుడు ఆనందం పట్టలేక, నోట మాట రాక, సొన్నమ్మకే దండం పెట్టేశాడు.

మునిరాజు భుజంతో కళ్ళు తుడుచుకుని మెల్లగా అన్నాడు. "అన్నా, నేను మూడుకే ఒప్పుకుందామని అనుకుంటా ఉండాను."

"అట్ల చెప్పకూడదురా, బేరం తెలీనోడా!" వెంకటగిరియప్ప ఏడుస్తూనే పకపకా నవ్వాడు. "వచ్చేసారి బేరంలో నిన్నేం నమ్మేది నేను?"

తువ్వాలు ఎప్పుడో జారి చాప మీద పడింది. ఆ చెయ్యిని మాత్రం ఆయన ఇంకా వదల్లేదు.