నిస్సి ‘లేదు’ అనేదాకా

మధ్యాహ్నం అన్నాలు తినగానే ఆరో తరగతి పిల్లలంతా ఆటలకు పరుగెత్తారు. లైబ్రరీ గదిలో మాత్రం ఇద్దరు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చున్నారు. ఒకరు వర్షిత, ఇంకొకరు నిస్సి. ఇద్దరి చేతుల్లోనూ పిన్ను కొట్టిన జెరాక్స్ కాగితాలున్నాయి.

అదొక నాటకం. అయితే దానికి వేషాలు లేవు, తెరలు లేవు, బట్టీ పట్టే పని అసలే లేదు. ఆదివారం సాయంత్రం మెదక్ గ్రంథాలయం హాల్లో జనం ముందు కూర్చుని, కాగితం చూస్తూ చదవాలి. వినేవాళ్లకు బస్సు, రోడ్డు, చీకటి పడే ఆకాశం అన్నీ గొంతులోనే కనిపించాలి. దాన్ని నాటక పఠనం అంటారని బాలలక్ష్మి టీచర్ చెప్పారు.

నాటకం రాసింది రఘుపతి సార్. ఆయన రామాయంపేట బస్సులో కండక్టర్. టికెట్లు కొడుతూ చెవిన పడ్డ మాటలతో నాటకాలు రాస్తుంటాడు. ఇది సరికొత్తది. జనం ముందు ఇంతవరకు ఎవరూ చదవలేదు. కథ చిన్నదే. బస్టాపులో ఓ ముసలామె, ఓ పిల్ల బస్సు కోసం ఎదురుచూస్తుంటారు. ఆ పిల్ల మొదటిసారి ఇల్లు విడిచి హాస్టల్‌కు పోతోంది. ముసలామె మాటలు వర్షితవి, పిల్ల మాటలు నిస్సివి.

చదవడమంటే వర్షితకు మంచినీళ్లు తాగినట్టే. ఆమె ముసలి గొంతు పెట్టిందంటే టీచర్ కూడా నవ్వు ఆపుకోలేరు. నిస్సి అలా కాదు. మెల్లగా చదువుతుంది. ఒక్కో మాటను కాసేపు చూసి, అప్పుడు పలుకుతుంది.

“ఇంటి మీద పానం గుంజుతుందా బిడ్డా?” అని చదివింది వర్షిత.

నిస్సి కాగితం వైపు చూస్తూ ఊరుకుంది.

“లేదు అనాలె,” అని వర్షిత గుసగుసగా అందించింది.

“లేదు,” అంది నిస్సి గబుక్కున.

ఆ తర్వాత కూడా అంతే. నిస్సి ఊపిరి పీల్చుకునేలోగా వర్షిత నోటి నుంచి మాట దూకేది. నేస్తానికి సాయం చేస్తున్నాననే ఆమె అనుకుంది. కానీ అందించేకొద్దీ నిస్సి ఇంకా తడబడసాగింది.

గురువారం టీచర్ ఏడో తరగతి వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ముందు చదివించారు. నడుమలో నిస్సి మళ్లీ ఆగింది. వర్షిత ఉండబట్టలేకపోయింది. “మా... అమ్మ... రేపు... ఫోన్... చేస్తనన్నది,” అని నిస్సి మాటను నిస్సిలాగే సాగదీసి తనే చదివేసింది. గదంతా గొల్లున నవ్వింది. వర్షిత కూడా నవ్వింది. నిస్సి కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

మరునాడు ఆ కాగితాలు టీచర్ బల్ల మీదికి వచ్చాయి. తాను చదవనని చెప్పి నిస్సి తల వంచుకుంది. ఎందుకని ఎంత అడిగినా గొంతు బాగాలేదనే అంది. ఆదివారం చూస్తే ఎల్లుండే. టీచర్ ముఖంలో పరేషాన్ చూసి వర్షిత ముందుకొచ్చింది.

“ఇద్దరి మాటలు నేనే చదువుత టీచర్. నాకు రెండు గొంతులు వస్తయి.”

సాయంత్రం రఘుపతి సార్ వస్తారనీ, ఆయన విన్నాక చూద్దామనీ టీచర్ అన్నారు.

ఆయన డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. భుజాన సంచి తీయకుండానే కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. వర్షిత ముసలామెకు వణుకు గొంతు పెట్టింది, పిల్లకు సన్నని గొంతు పెట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చదవడం అయిపోయాక, ఆయన ఏమంటాడా అని చూసింది.

“మస్తు చదివినవ్ బిడ్డా,” అన్నాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ, “గని బస్టాపుల ఒక్కలే ఉన్నట్టు అనిపించింది నాకు,” అన్నాడు.

వర్షితకు అర్థం కాలేదు. ఆయన ఆమె కాగితం తీసుకుని, పానం గుంజుతుందా అన్న మాట కింద వేలు పెట్టాడు. అక్కడ బ్రాకెట్లో చిన్న అక్షరాలతో, పిల్ల వెంటనే జవాబు చెప్పదు అని రాసి ఉంది.

“అది పైకి చదివేది కాదు కద సార్,” అంది వర్షిత.

“కాదు బిడ్డా. ఆడ ఊకుండాలె. గా పిల్ల నా బస్సులనే ఎక్కింది. నేను గిదే మాట అడిగితె, శాన సేపటిదాక ఏం చెప్పలే. ఆ ఊకున్న సేపు కోసమే నేను గీ నాటకం రాసిన.”

ఇంటికి నడుస్తూ వర్షిత ఆ బ్రాకెట్ గురించే ఆలోచించింది. మొదటి రోజు నిస్సి ఆగింది సరిగ్గా అక్కడే. చదవడం రాక కాదు, ఆగవలసిన చోటనే ఆగింది. ఆ చోటును తానే మింగేసింది. పైగా అందరి ముందూ నవ్వించింది.

శనివారం పొద్దున్నే వర్షిత చర్చి వెనక వీధికి పోయింది. నిస్సి వాళ్ల నాన్న గాబ్రియేలు అక్కడ ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడతాడు. ఆయన మిషన్ తొక్కుతున్నాడు. నిస్సి కింద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది.

వర్షిత ఆమె పక్కన చతికిలబడింది. “నీ మాటలు నేను చదివిన. అందరి ముంగట నిన్ను ఎక్కిరించిన. తప్పయింది నిస్సీ.”

నిస్సి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలని వర్షిత నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. మిషన్ చప్పుడు ఒకటే వినిపిస్తోంది. దారం సూదిలోకి ఎక్కింది. హుక్కు ఒకటి కుట్టడం కూడా అయిపోయింది.

“నేను చదువ రాక ఆగలే,” అంది నిస్సి చివరికి. “ఆ పిల్లకు ఏడుపు అస్తుందేమో అనిపించి ఆగిన. నువ్వు అందిస్తుంటె నాకు నిజంగనే అక్షరాలు కనవడకుంట అయినయి.”

“రేపు రా. ఇంక అందియ్య.”

“అందిస్తె?”

“కాగితాలు నా ఒళ్లె వడేసి ఇంటికొచ్చెయ్.”

నిస్సి పెదాలు విచ్చుకున్నాయి. ఇద్దరూ అక్కడే, గుడ్డ ముక్కల మధ్య కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివారు. మూడో పేజీకి వచ్చేసరికి గాబ్రియేలు మిషన్ ఆపేసి, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని వింటున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలు కింద కూర్చున్నారు. బస్సు డిపో వాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. రఘుపతి సార్ తలుపు దగ్గర నిలబడి, రాసినవాడు తాను కానట్టే బయటికి చూస్తున్నాడు. ఇది బస్టాపు అనీ, పొద్దు గుంకుతోందనీ టీచర్ మైకులో చదివారు.

వర్షిత మొదటి మాటకే జనం నవ్వారు. ముసలామె బస్సును తిట్టింది, దుమ్మును తిట్టింది, చిల్లర లేదన్న కొట్టువాణ్ని తిట్టింది. నవ్వులే నవ్వులు. అలా ఆ మాట దగ్గరికి వచ్చారు.

“ఇంటి మీద పానం గుంజుతుందా బిడ్డా?”

నిస్సి ఆగింది.

ఫ్యాను తిరుగుతోంది. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. ముందు వరుసలో టీచర్ కొంగు పిడికిట్లో పట్టుకున్నారు. ‘లేదు’ అన్న మాట వర్షిత నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పెదాలు బిగించి, కాగితం మీది నుంచి కళ్లు ఎత్తి, నిస్సి ముఖంలోకి చూసింది. చదివేటప్పుడు ఆ ముఖాన్ని తను ఇంతవరకు చూడనేలేదు. నిస్సి కళ్లు మెరుస్తున్నాయి. ఆమె ఒళ్లో ఏ సంచీ లేకపోయినా, హాస్టల్‌కు పోయే పిల్లలా సంచిని గట్టిగా పట్టుకున్నట్టే ఉంది. హాలంతా చూస్తోంది. వర్షిత చూస్తూనే ఉంది.

“లేదు,” అంది నిస్సి, వినపడీ వినపడనట్టు.

“ఉంది బిడ్డా, ఉంది. నాకెరుక,” అని ముందు వరుసలో ఓ పెద్దమ్మ పైకే అనేసింది.

హాలు ఒక్కసారి గొల్లున నవ్వింది. పెద్దమ్మ నాలుక కరుచుకుని తనూ నవ్వింది. నిస్సి చెంపలు తుడుచుకుంటూ నవ్వింది. తలుపు దగ్గర రఘుపతి సార్ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటున్నాడు.

తర్వాతి మాట వర్షితది. ఆమె తొందరపడలేదు. నవ్వులు సద్దుమణిగాయి. నిస్సి పేజీ తిప్పి, చదవాల్సిన చోటు వెతుక్కుని, తల ఎత్తి చూసింది. అప్పుడు వర్షిత చదివింది.

“అయితె ఇట్ల రా బిడ్డా. బస్సు రాంగనే ఇద్దరం ఒక్క సీట్లనే కూసుందాం.”