మూడు గంటల సీసా

మా కాలేజీ వెనక మురుగునీటి బావి ఒకటుండేది. ఊరి మురుగంతా అందులో చేరితే పంపులు తోడిపోసేవి. దాని పేరెత్తితే సివిల్ వాళ్ళందరికీ చెమటలే. ఎప్పుడో ఒక ల్యాబ్ అటెండరు అందులో జారిపడి పోయాడట. అప్పట్నుంచి రాత్రి మూడింటికి ఇనపమెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు... దిగడమే, ఎక్కడం ఉండదు.

ఇక చెప్పబోయేది నా రూమ్మేటు నోట విన్న సంగతి. వాణ్ణి కునికిపాట్లు అనేవాళ్ళం. నన్నేమనేవారో ఇప్పుడు అనవసరం. ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో వాడు రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే సీటు పోతుంది.

పరీక్ష ఏమిటంటే — పొద్దున ఏడు నుంచి మర్నాడు ఆరు దాకా, ఆ బావిలోంచి గంటకో సీసా మురుగు పట్టాలి. ఒక్కటి తగ్గినా సున్నా. సీసాను ముంచి, లోపలే మూత బిగించాలి, గాలిబుడగ మిగలకూడదు. కానీ ఆ కంపులో చెయ్యి పెట్టేదెవరు? తాడు కట్టి తోడి, పైకి లాగి మూత వేసేవాళ్ళం. బఠాణీగింజంత బుడగ మిగిలేది. ల్యాబ్ మేష్టారు మహా కఠినుడే గాని, దానికి మాత్రం చూసీచూడనట్టు పోయేవారు.

వాడి జోడీకి జ్వరం. ఒక్కడే కూర్చున్నాడు. అంతకుముందు రెండు రాత్రులు డ్రాయింగుల మీదే తెల్లారాయి. ఆ వయసులో నిద్ర ఎముకల్లోకి దిగుతుంది. ఇప్పుడు నాకు రమ్మన్నా రాదు. సరే, రాత్రి రెండు గంటల సీసా పట్టి, సీసాల పెట్టెలో పెట్టి, దానికే ఆనుకున్నాడు.

టంగ్...

ఇనపమెట్టు.

మళ్ళీ — టంగ్.

లేవాలనుకున్నాడు. ఒళ్ళు లేవలేదు. చెవి పక్కన గుసగుస... "పడుకో నాయనా."

భయపడే ఓపిక కూడా లేక పడుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి నాలుగు. పోయింది సీటు, అనుకుంటూ పెట్టె తెరిచాడు. మూడు గంటల సీసా ఉంది. నిండుగా... ఇంకా తడిగా. బుడగ లేదు.

ఆరింటికి మేష్టారు వచ్చి సీసాలు లెక్కపెట్టుకున్నారు. వీడు ఆగలేకపోయాడు.

"మూడు గంటలది నేను పట్టలేదండీ."

"మరెవరు? దెయ్యమా?"

"తెలీదండీ... నిద్రపోయాను."

ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టారు. "దెయ్యమే అయినా నీకంటే పని తెలిసినదేనోయ్. రికార్డు ఇలా తే."

సంతకం పెట్టడానికి వంగారు. ముక్కు మూసుకోవాల్సినంత కంపు. వీడు తలెత్తి చూస్తే — ఆయన చొక్కా కుడిచెయ్యి మోచేతి దాకా తడిసి, ఒంటికి అంటుకుపోయి ఉంది.