మోగని డబ్బా

కెమిస్టును ఉదయం ఎనిమిదింటికి బస్టాపులో, పదిమంది చూస్తుండగా కాల్చి చంపారు.

తొమ్మిదింటికి చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ నిండుకుండ అంటారు; ఏం విన్నా తొణకడని. ఆ పేరు పెట్టినవాడే ఇప్పుడు మార్చురీలో ఉన్నాడు. చనిపోయిన కెమిస్టు అతని బావ.

"జేబులో చీటీ దొరికింది. 'ట్రయల్ మెల్ట్‌లో బలం పెరిగింది. భయపడండి.' అర్థమైందా?"

"అయింది సార్."

బావ పనిచేసే ఫ్యాక్టరీలో ప్రయోగంగా కరిగించింది ఫ్యూజన్ రియాక్టర్ లోపలి గోడకు వాడే ఉక్కు. న్యూట్రాన్ల దెబ్బకు ఏ ఉక్కయినా రేడియోధార్మికమవుతుంది. ఈ ఉక్కులో మాత్రం ఆ విషం నూరేళ్లలో దిగిపోవాలి. అందుకే అందులో నయోబియం అనే లోహం పడనివ్వరు, బదులుగా టాంటలం వేస్తారు. నయోబియం కలిస్తే ఉక్కు బలం ఇంకా పెరుగుతుంది, పరీక్షలన్నీ నెగ్గుతుంది. విషం మాత్రం వేల ఏళ్లు దిగదు. విదేశీ ముఠాకు కావలసింది అదే.

"పదకొండింటికి అసలు మెల్ట్. లోపల మన మనిషి ఉంది. నిన్న మీ బావ ఈ అనుమానం చెప్పింది ఆమెకే. ఇంకోమాట... అక్కకు అప్పుడే చెప్పకు. ఆవిడ ఫోన్ ముఠా వింటోంది."

"సరే."

కన్నీళ్లెందుకు రాలేదో అతనికి అంతుపట్టలేదు. నిగ్రహమైనా, లోపల ఏమీ లేకపోయినా, బయటికి ఒకేలా కనిపిస్తుంది.

పదీ నలభైకి కాటాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వేషంలో కొలిమి దగ్గరికి చేరాడు. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, ఎర్రని పెదవులు, హెల్మెట్ కింద కూడా చెదరని జుట్టు: క్వాలిటీ మేడమ్.

"వాన వస్తుందా?" అని గుర్తుమాట అన్నాడు.

"గొడుగు మరిచాను," నవ్విందామె. "టాంటలం డబ్బా నేనే సీలు వేయించాను. నిశ్చింతగా ఉండండి."

అతను మూత తీశాడు. అంచుదాకా బూడిదరంగు ముక్కలు. లోహమేదో చెప్పే, పెన్నులా కనిపించే ఎనలైజర్ ఆనించాడు. టాంటలమే. కాటా మీద సరిగ్గా అయిదు కిలోలు. మూత బిగించి, అందరూ బాబాయ్ అని పిలిచే ఫోర్‌మన్‌కు ఇచ్చాడు.

పదీ యాభై ఏడు. బాబాయ్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు.

"గిలక్కాయ ఆడింది చాల్లే బాబాయ్!" పైనుంచి క్రేన్ ఆపరేటర్.

"నోర్మూసుకుని నీ పని చూడరా." మళ్లీ ఊపాడు. "ఇది మోగట్లేదు."

"బరువు సరిపోయిందిగా. వేసెయ్యండి," అంది మేడమ్.

"టాంటలం సీసం కన్నా బరువమ్మా. అయిదు కిలోలకు ఈ డబ్బా సగం దాకానే నిండుతుంది, గలగలమనాలి. ఇందులో ఏదో తేలికది కుక్కారు."

నిండుగా ఉండటం ఏజెంటు కళ్లారా చూశాడు. అదే తప్పని తట్టలేదు. మూత లాగి, పైపొర కిందికి పెన్ను దించాడు. నయోబియం.

తలెత్తేసరికి స్కార్ఫు చాటునుంచి పిస్టల్ బయటికొచ్చింది.

"దాన్ని కొలిమిలో వెయ్యి, బాబాయ్."

పదీ యాభై తొమ్మిది. ఏజెంటు డబ్బాను ఆమె మణికట్టు మీదికి విసిరాడు. ఎముక విరిగిన చప్పుడు. పిస్టల్ పడింది; ముక్కలు నేలంతా చెదిరాయి, ఒక్కటీ కొలిమిలో పడలేదు.

గార్డులు పట్టుకుంటుంటే ఆమె అంది: "మీ బావ నన్ను నమ్మాడు."

"తెలుసు. నేనూ నమ్మాను."

బాబాయ్ చీపురందుకున్నాడు. "నిండుకుండ తొణకదంటారు. మా దగ్గర మాత్రం తొణకనిదాన్నే అనుమానించాలి. ఇంతకీ నిన్నేమంటారు బాబూ?"

"నిండుకుండ."

బాబాయ్ ఊడవటం మొదలుపెట్టాడు. ఏజెంటు ఫోన్ తీశాడు. ఇక ఎవరు విన్నా ఒకటే.

"అక్కా..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. భుజాలు కదిలిపోయాయి, గొంతులోంచి ఏదో పగిలిన చప్పుడు వచ్చింది.

ఊడవటం ఆపి, బాబాయ్ ఆ చప్పుడు విన్నాడు.

"మోగింది. అసలు సరుకే," అని గొణిగి, మళ్లీ చీపురు కదిపాడు.