దుప్పట్ల జాబితాలో ముప్పై ఒక్కరు

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, వరీనా బడి లైబ్రరీలో వారానికి రెండు రోజుల పని ఒప్పుకున్నాను. నేను బ్రిస్బేన్‌లో కాలేజీ చదివిన రోజుల్లో చరిత్ర అంటే రాజులు, ఓడలు, గొర్రెలు. ఈ చుట్టుపక్కల ఎవరిని ఎవరు చంపారో ఏ మాస్టారూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఉన్ని ధర ఎంతని మాత్రం అడిగేవాళ్లం.

సరే, విషయానికొస్తాను. తొంభై నాలుగులో, ఆగస్టు నెల. చివరి గంట కొట్టాక జాలీన్ వచ్చింది. పదకొండో తరగతి పిల్ల. మా తాతలు గొర్రెల్ని తోలుకుని రాకముందు నుంచీ వాళ్ల నాన్నమ్మ మనుషులది ఈ నేలే. తన మనుషుల్ని కాల్చి చంపిన మడుగు దగ్గర ఒక రాయి నిలబెట్టాలని ఆ ముసలమ్మ ఇరవై ఏళ్లుగా అడుగుతోంది. రుజువేదీ అంటుంది ఊరి కౌన్సిల్. ఆ సాయంత్రం ఆరింటికి ఆఖరి సమావేశం.

రుజువు మా లైబ్రరీ బీరువాలోనే ఉంది. ఇక్కడి పెద్ద గొర్రెల ఆసామి క్లైవ్ ట్రెవిన్, అతని ముత్తాత చేతిరాత పుస్తకం. రాణిగారి పుట్టినరోజుకి సర్కారు ఇక్కడి మూలవాసులకు దుప్పట్లు పంచినప్పుడు ఆయన రాసుకున్న జాబితా అందులో ఉంది. మడుగు దగ్గరివాళ్లు ముప్పై ఒక్కరు, పేరుపేరునా. మరుసటి ఏడాది పేజీలో ఒక్కటే ముక్క: 'దుప్పట్లు మిగిలాయి.'

ట్రెవిన్లు ఆ పుస్తకాన్ని చదవకుండానే బడికిచ్చారు. ఈమధ్య ఎవరో చదివి చెప్పినట్టున్నారు. నాలుగున్నరకు వచ్చి వెనక్కి తీసుకుపోతానని క్లైవ్ కబురు పెట్టాడు. జిరాక్స్ మిషన్ సోమవారం నుంచీ పడుకునే ఉంది.

"నేను చదువుతాను, నువ్వు రాసుకో," అన్నాను.

"పైకి చదవొద్దు సార్. పోయినవాళ్ల పేర్లు మేం పిలవం. నాన్నమ్మ ఒప్పుకోదు."

"ఆ గొలుసుకట్టు రాత నీకు అర్థమయ్యేది కాదు. ఇరవై నిమిషాలుంది. మీ నాన్నమ్మకు రాయి కావాలా, వద్దా?"

నా వైపు కోపంగా చూసింది. తరవాత పెన్ను తీసింది. "అయితే గొణిగినట్టు చదవండి."

గొణగడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లు హాజరు వేసిన గొంతు నాది. పేరు పిలవడం, ఒక క్షణం ఆగడం, తరవాతి పేరు పిలవడం. అలాగే చదివాను. ఆ పేర్లు మాత్రం ఇక్కడ రాయను.

బయట ఎర్రదుమ్ము లేచింది. కిటికీలు మసకబారాయి. ఎక్కడినుంచో తడిసిన ఉన్ని వాసన. వాన పడి పదకొండు నెలలైంది.

ఐదో పేరు పిలిచి ఆగాను.

భూగోళం పుస్తకాల అర వెనక నుంచి... "ఊఁ."

ఎవరో పిల్లవాడు ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆరో పేరు పిలిచాను.

"ఊఁ." ఇది వేరే గొంతు. బాగా ముసలిది. ఇంకాస్త దగ్గరగా...

పుస్తకం మూయబోయాను. జాలీన్ నా మణికట్టు పట్టుకుంది.

"ఆపకండి," అంది గుసగుసగా. "కొందర్ని పిలిచి కొందర్ని వదిలేస్తారా?"

చదివాను. ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు. తలుపు దగ్గర ఒకటి. బల్ల కింద ఒకటి. ఇరవయ్యో పేరు నా కుర్చీ వెనకే పలికింది. మెడ మీద ఊపిరి తగిలింది. తిరిగి చూడలేదు. ముప్పయ్యో పేరు కూడా పలికింది.

అప్పుడే తలుపు తోసుకుని క్లైవ్ వచ్చాడు.

"ఏమయ్యా పెన్‌హాల్, ఈ పిల్ల దగ్గర గుమాస్తాగా చేరావా?"

"ఇంకొక్క పేరే, క్లైవ్."

"ఇవాళ రాయి అంటారు. రేపు నా పొలం అంటారు." పుస్తకం లాక్కున్నాడు. "ఏదీ ఆ ఒక్క పేరూ? నేనే చదువుతా, చెవులు రిక్కించి వినండి." గొంతు సాగదీసి, వెక్కిరిస్తూ చదివాడు. పేరు పక్కన రాసున్నది కూడా వదల్లేదు. "ఆడపిల్ల. సుమారు నాలుగేళ్లు."

జాలీన్ తల ఎత్తకుండా రాసుకుంది. జాబితా పూర్తయింది.

ఇద్దరం ఎదురుచూశాం. గదిలో ఏ చప్పుడూ లేదు. ఉన్ని వాసన కూడా పోయింది.

అప్పుడు వినిపించింది... బయట. తాళం వేసి ఉన్న క్లైవ్ కారులోంచి.

"ఊఁ." నిద్రలో పలికినట్టు, చిన్న గొంతు.

క్లైవ్ కూడా విన్నాడు. "బయట ఎవరు?"

"ఎవరూ లేరు. బడి ఖాళీ," అన్నాను.

తాళంచెవి పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అతని ఇల్లు అరవై కిలోమీటర్ల దూరం. దారిలో మనిషి కనిపించడు.

"పెన్‌హాల్... నీ బండిలో నన్ను దింపకూడదూ?"

"ఈ పిల్లను కౌన్సిల్‌కు తీసుకెళ్లాలి," అన్నాను. అందులో కక్ష లేదని చెప్పను.

వెళ్లాడు. కారు మా కిటికీ ముందు నుంచే పోయింది. రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. వెనక సీటు కిటికీ అద్దం మెల్లగా కిందికి దిగుతోంది... నాలుగు వేళ్లు పట్టేంత దిగి, ఆగింది.