మూడో పిలుపు

జ్యేష్ఠ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన మండవలసిన వేళ ఆకాశం కాటుక పులుముకుంది. వాయవ్యాన లేచిన కారుమేఘం అజయ్ నదిని, ఒడ్డున ఉన్న తాటితోపును, తోపు చివర ఏకాకిగా నిలిచిన పాత మేడను ఒక్క గుటకలో మింగేసింది. గాలి స్తంభించింది. ఎక్కడో దూరాన ఉరుము... ఆ వెనకే, పట్టపగలు, గుడ్లగూబ కూత! ఒకసారి కూసింది... ఆగి, మరోసారి కూసింది. ఆ తరువాత చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

మేడమీది గదిలో ఇందులేఖ సాన్యాల్ కలం ఆపలేదు. ముప్పై ఒక్క రోజులుగా ఆమె రాస్తూనే ఉంది. కలకత్తాలో ఎనిమిది నెలలు కూర్చుని నలభై పేజీలు రాసిన మనిషి, ఇక్కడ నెల తిరిగేసరికి మూడు వందలు దాటించింది. దుర్గాపూజ ప్రత్యేక సంచికకు నవల అందించడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. రాయవలసింది ఒక్క అధ్యాయం.

ఫోన్‌ను కలకత్తా ఇంట్లోనే బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చింది. ఈ ఇంట్లో మేనమామ పెట్టించిన ఇంటర్నెట్ తీగను వచ్చిన రోజే కత్తిపీట మీద పెట్టి కాకరకాయ తరిగినట్టు తరిగేసింది. మొదటి వారమంతా ఆమె బొటనవేలు ఉత్త బల్ల మీద పైకీ కిందికీ పాకేది. లేని ఫోన్ దిండు కింద మోగేది. నవల కోసం నెట్ మానేసి అడవులు పట్టడం ఈ రోజుల్లో ఊరందరికీ ఉన్న జబ్బేనని స్నేహితులు నవ్వారు. ఇందులేఖ ఏకాగ్రత కోసం మానలేదు... ప్రాణభయంతో మానింది. అంతకు మించి, పగతో మానింది.

ఆ పగకు కారణం గది మూలన మంచం మీద కూర్చుని ఉంది. ఆమె సుచరిత, ఇందులేఖ అక్క. బడిలో సుచరిత, అమ్మ ఒడిలో మితుల్. ఇందులేఖ అయితే టుకు. అమ్మ ఒడిలో పెట్టిన ఆ పేరు ఇంటి గడప దాటకూడదు.

రెండేళ్ల క్రితం మితుల్ తన మొదటి నవల పూర్తి కావస్తోందని ఫేస్‌బుక్‌లో రాసుకుంది. "శభాష్ మితుల్!" అని మేనత్త దాని కింద మురిసిపోతూ రాసింది. గడప దాటకూడని పేరు వీధిన పడింది. మర్నాడే ఫోన్ మోగింది. పోయి ఏడేళ్లయిన అమ్మ గొంతు... "మితుల్..." అని పిలిచింది!

"ఆఁ, అమ్మా," అంది మితుల్.

ఆ నోట అదే ఆఖరి మాట. ఆ క్షణం నుంచి చూపులో శూన్యం... వేళ్లు అక్షరం గీయవు. అన్నం కలిపి పెడితే తింటుంది, లేకపోతే లేదు.

ఆ ఏటి పూజ సంచికలో మహారచయిత బ్రజకిశోర్ తాలూక్‌దార్ నవల వెలువడింది. అందులో నాయనమ్మ కట్టుడు పళ్లను ఊరగాయ జాడీలో దాచిన అక్కచెల్లెళ్లున్నారు. ఆ సంగతి ఈ లోకంలో మితుల్‌కు, టుకుకు తప్ప మూడో మనిషికి తెలియదు. టుకు అక్క ఫోన్ తీసి, ఆనాడు పిలిచిన నంబరు చూసింది... బ్రజకిశోర్‌దే! పాత సంచికలు తిరగేసింది. ఆయన నవల వచ్చిన ప్రతి ఏడూ ఎవరో ఒక కొత్త రచయిత నోరు పడిపోయింది. ఆ పేర్లు, ఆ తేదీలు అన్నీ ఇప్పుడామె నవల్లో ఉన్నాయి. అది అచ్చయితే ఆ మహానుభావుడి బతుకు బజారుపాలు. కాకపోతే ఈ గదిలో ఇద్దరు మూగవాళ్లుంటారు.

ఫోన్ లేని మనిషిని ఫోన్‌లో పిలవలేడు. పిలవాలంటే కాళ్లీడ్చుకుంటూ స్వయంగా గుమ్మంలోకి రావాలి. ఆయన్ని అలా రప్పించాలనే సంపాదకుడికి టుకు ఒక కార్డు ముక్క రాసి పడేసింది. ‘మావయ్య ఇంట్లో ఉన్నాను, అమావాస్యకు ఆఖరి అధ్యాయం రాస్తాను’ అని. సంపాదకుడి నోట్లో నువ్వుగింజ నానదు. కార్డు చేరిన సాయంత్రానికే ఆ మాట కలకత్తా కాఫీ బల్లలన్నీ చుట్టేసి ఉంటుంది.

ఇల్లు చూసుకునే ఖేంతి మాసి పొద్దున్నే కాళీమాత గుడికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఇవాళ ఎవరు పిలిచినా ఒకటో పిలుపుకి పలక్కు, రెండో పిలుపుకీ పలక్కు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. పేరు పెట్టి పిలిచి ప్రాణం లాగే నిశి దయ్యం రెండింటితో సరి."

"నేనేమన్నా చిన్నపిల్లనా మాసీ?"

"చిన్నపిల్లలు బుద్ధిగా నోరు మూసుకుంటారే తల్లీ. చదువుకున్నోళ్లే, ఎవరూ అంటూ పరిగెత్తేది. నిశిని పంపే మంత్రగాడు కొబ్బరి బోండం చెక్కి, మూత పైన పట్టుకుని పిలుస్తాడు. పలికిందా, మూత పడిందే! ఆ బోండానికి కళ్లుండవు. ఎవరు పలికితే వాళ్ల ప్రాణం దాన్లోకి."

"సరే మాసీ, పలకను. వెళ్లిరా."

"మీ మావయ్య వచ్చి క్రికెట్ ఏదని అడిగితే మాత్రం నేను పలకను. తీగ కోసింది నువ్వే," అని గొణుక్కుంటూ మాసి వెళ్లిపోయింది.

ఇప్పుడు... ఆ ఘోరాంధకారంలో... పెరట్లో ఎండుటాకులు నలిగాయి.

టుకు కిటికీ రెక్కల సందులోంచి చూసింది. తెల్లని ధోతి, భుజాన రచయితల గుడ్డసంచి... బ్రజకిశోర్! సంచిలోంచి ఒక కపాలం తీసి నేల మీద నిలిపాడు. దాని నుదుట సిందూరం... కళ్ల గుంతల్లో కదలాడే నల్లని నీడ! ఎడమచేత చెక్కిన బోండం, కుడిచేత దాని మూత. పెదవులు శబ్దం లేకుండా కదిలాయి. కపాలం నోట్లోంచి పిలుపు వచ్చింది.

"టుకూ..."

అది మితుల్ గొంతు! చిన్నప్పుడు జామచెట్టు మీంచి పిలిచిన గొంతు, జ్వరం వస్తే తెల్లవార్లూ కథలు చెప్పిన గొంతు. రెండేళ్లుగా ఆ ఒక్క పిలుపు కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. అమ్మ గొంతుకో, నాన్న గొంతుకో ఆమె గుండె రాయి చేసుకుని ఉంది గాని, దీనికి కాదు. కళ్లు ధారలు కట్టాయి. కలాన్ని పళ్ల మధ్య పెట్టి కొరికింది.

"టుకూ... నన్ను ఈ చీకట్లో వదిలేసి నువ్వు హాయిగా రాసుకుంటున్నావా?"

నిజమే కదా అనిపించింది. కలం జారింది. పెదవులు విడివడ్డాయి... పలుకు నాలుక చివరికి వచ్చేసింది!

వెనకనుంచి ఒక చల్లని చెయ్యి ఆమె నోరు గట్టిగా మూసింది.

మితుల్! రెండేళ్లుగా కూర్చున్న చోటు నుంచి తనంతట తాను లేవని మితుల్! ఒక చేత్తో చెల్లెలి నోరు మూసి, రెండో చేత్తో కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

కింద బ్రజకిశోర్ ముఖం పాలిపోయింది. టుకు ఫేస్‌బుక్‌లో పెట్టిన చివరి కబురు ఆయనకు కంఠతా వచ్చు. ‘దిదిని కలకత్తా ఆసుపత్రిలో ఉంచి రాసుకోవడానికి పోతున్నాను.’ ఆ మాట రాసిన రోజున నిజమే. కాని బయల్దేరేవేళ మితుల్ ఆమె చీర కొంగు వదలలేదు. వదిలించుకోలేక వెంటబెట్టుకొచ్చింది. అప్పటికే ఫోన్ బీరువాలో ఉంది కాబట్టి ఆ సంగతి లోకానికి చెప్పలేదు. పదకొండేళ్లుగా ఆయన మనుషుల బతుకుల్ని తెర మీదే చదివాడు. తెర చీకటైతే ఆయన గుడ్డివాడు. దొంగిలించిన గొంతును దాని యజమానురాలి వాకిట్లోనే విప్పి వదిలాడు!

ఫెళ్లున ఉరిమింది. కపాలం గిరగిరా తిరిగింది. చెర విడిన గొంతు సుడిగాలిలా లేచి కిటికీలోకి దూకింది. మితుల్ కంఠం ఉబ్బింది. ఒళ్లంతా కంపించింది, జుట్టు విడిపోయింది, కళ్లు చింతనిప్పులయ్యాయి.

"నా గొంతు నాకు వచ్చింది," అంది మితుల్. "ఒంటరిగా రాలేదు, టుకూ. ఆ చెరలో ఒక ముసలమ్మ ఉంది. చితి మీంచి కన్నకొడుకే ఎత్తుకుపోయిన తల ఆవిడది. ఆవిడా నాతో వచ్చేసింది."

బ్రజకిశోర్ పారిపోవడానికి వెనుదిరిగాడు. అప్పుడు మితుల్ నోటి నుంచి, మితుల్‌ది కాని ఒక వణికే ముసలి గొంతు వచ్చింది.

"భొంబొల్..."

అమ్మ పోయాక ఆయన్ని ఆ ముద్దుపేరుతో పిలిచిన ప్రాణి లేదు. ఎన్ని సన్మానాలు, ఎన్ని శాలువాలు, ఎన్ని సభాధ్యక్షతలు ఉన్నా ఆ పేరు చెవిన పడితే మనిషి అయిదేళ్లవాడైపోతాడు. మంత్రాలన్నీ తెలిసినవాడు ఒక్క క్షణం ఒళ్లు మరిచాడు.

"ఆఁ, అమ్మా," అన్నాడు.

చేతిలోని మూత దానంతటదే బోండం మీద టప్పున పడింది!

అక్కచెల్లెళ్లు కిందికి దిగి వచ్చేసరికి ఆయన మట్టిలో పడి గిలగిల్లాడుతున్నాడు. నోరు తెరుచుకుంటోంది, మాట రావడం లేదు. దొర్లిపోయిన బోండం వైపు వేలు చూపించి చేతులు జోడించాడు. మూత తియ్యమని!

టుకు ఆయన ముందు గొంతుక్కూర్చుంది. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వెయ్యలేదు.

"మూత తియ్యాలా బ్రజదా? మీకు వేలల్లో అభిమానులు కదా, నెట్‌లో అడగండి, ఎవరైనా వచ్చి తీస్తారు. అయ్యో, మా ఇంట్లో తీగ లేదే!"

మితుల్ బోండం రెండు చేతులా ఎత్తి మెట్టురాతి మీద కొట్టింది. అందులోంచి కారింది నీళ్లు కాదు... కాటుకలాంటి ద్రవం! మరుక్షణం ఆకాశం నిలువునా చీలింది. పిడుగు పెరట్లో దిగింది. పొగ విడిపోయాక ధోతి అంచు కూడా మిగలలేదు. ఆ ముసలమ్మ కపాలాన్ని అక్కచెల్లెళ్లు సిందూరం కడిగి, కొత్త గుడ్డలో చుట్టి అజయ్ నదికి అప్పగించారు.

అక్కచెల్లెళ్లు చెప్పిన మాటతో నాలుగు రోజులకు పత్రికలన్నీ మహారచయిత పిడుగుపాటుకు బలయ్యారని రాశాయి. ఆ మాట అబద్ధమేమీ కాదు. అదే రోజు మధ్యాహ్నం మేడమీద ఆఖరి అధ్యాయం ఆఖరి పేజీకి వచ్చింది. మితుల్ చెబుతోంది, టుకు రాస్తోంది. ఒకచోట కలం ఆపింది.

"దిదీ, కథలోనైనా వాణ్ణి బతికిద్దామా? పశ్చాత్తాపపడ్డాడని రాస్తే చదివేవాళ్లకి బాగుంటుందేమో."

మితుల్ నది వైపు చూసింది.

"ఆ రోజు నిజంగా అమ్మే అనుకున్నానే," అంది. "రెండేళ్లూ అమ్మ వస్తుందనే ఎదురు చూశాను. బతికించకు."

టుకు కళ్లు తుడుచుకుని, అక్క చెప్పినట్టే రాసింది.