రెండు వేళ్ళ ఆయిల్

బుల్డోజర్ ముందు భాగం గేర్‌బాక్సులో ఆయిల్ రెండు వేళ్ళ మేర తగ్గింది. వెనక, స్టీరింగ్ క్లచ్‌లుండే పెట్టెలో అంతే పెరిగింది. మూడు రోజులుగా ఇదే వరస. వాదీ సూఫ్ ఎడారి ఇసుకలో పాతికేళ్ళుగా బుల్డోజర్ల పొట్టలు విప్పుతున్న తిజానీకి ఇది తలనొప్పే గానీ వింత కాదు.

"ముసలిది కదన్నా, ఆపుకోలేకపోతోంది," అన్నాడు సీట్లో కూర్చున్న తమ్ముడు లమీన్, ఖర్జూరం గింజ ఊస్తూ.

"ముందు నీ నోరు ఆపుకో."

తిజానీ తొందర తిజానీది. లోతైన ఇసుక గోతిలో వాళ్ళ నాన్న నాటిన నలభై ఖర్జూరపు చెట్లున్నాయి. అంచు మీది దిబ్బ జారుతోంది. గాలులు మొదలయ్యేలోపు దాన్ని వెనక్కి నెట్టకపోతే చెట్లు తలలదాకా పూడిపోతాయి.

బండి ఆపి ఉంచినప్పుడు ఆయిల్ వెనక్కి జారితే రెంటి మధ్యా సీలు పోయినట్టు. ఆ రాత్రంతా చదును నేల మీద నిలబెట్టి చూశాడు, చుక్క కదల్లేదు. నడిచేటప్పుడే వెనక చేరుతోందంటే, దాన్ని తిరిగి ముందుకు తోడే పంపు జల్లెడ మూసుకుపోయి ఉండాలి. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఇంజను కాగి ఉండగానే కిందకి దూరి వెనక పెట్టె బోల్టు విప్పాడు.

బోల్టు చేజారింది. సెగలు కక్కే ఆయిల్ మణికట్టు మీద పడింది. అతను ఎగిరిపడేసరికి కింద పెట్టిన తొట్టి బోర్లాపడి, పది లీటర్లూ ఇసుక పాలయ్యాయి. తిజానీ నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు.

అక్కడ ఉడుకు నీళ్ళు పారబోసినా సరే, ముందు బిస్మిల్లా అని దేవుడి పేరు పైకి అంటారు. నేల కింద ఉండే జిన్నులు కాలకుండా పక్కకి తప్పుకోవాలిగా మరి. మెకానిక్కులూ ఈ విషయంలో ఆడవాళ్ళకేం తీసిపోరు.

"అన్నా," లమీన్ గొంతు మారింది. "బిస్మిల్లా అన్నావా?"

"అన్నాలే."

"నాకు వినపడలేదు."

"నీకు వినిపించడానికా అనేది? అన్నాన్రా!"

అనలేదు. ఆ మాట తెలిస్తే తమ్ముడు బండి దిగి ఇంటికి పోతాడు, పని ఆగిపోతుంది. అంతే, అబద్ధమాడేశాడు.

కిందకి చూస్తే ఇసుక మీద మరక లేదు. పది లీటర్ల ఆయిల్ పడ్డ చోట ఇసుక పొడిపొడిగా, తెల్లగా ఉంది. చూడనట్టే జల్లెడ బయటికి లాగాడు. నిండా ఇనుప రజను, రబ్బరు ముక్కలు. హమ్మయ్య, దొరికింది రోగం అనుకున్నాడు. కడిగి బిగించి, గేర్‌బాక్సులో గుర్తు దాకా కొత్త ఆయిల్ పోశాడు.

లమీన్ గంటసేపు దిబ్బని నెట్టాడు. ఆపించి చూస్తే ముందు రెండు వేళ్ళు తక్కువ. వెనక మాత్రం పెరగలేదు. కింద చుక్క కారలేదు. మళ్ళీ పోశాడు. మళ్ళీ రెండు వేళ్ళు తగ్గింది...

"మరి ఎక్కడికి పోతోందిరా ఇది?"

ఎండ నిప్పులు చెరుగుతోంది. సీట్లో లమీన్ మాత్రం ఉన్ని దుప్పటి చుట్టుకుని వణుకుతున్నాడు. గాలి ఆగిపోయింది. ఎక్కడా మంట లేదు, అయినా కాలిన వెంట్రుకల వాసన. తిజానీ ఇంజను ఆపాడు. అప్పుడు వినపడింది... ఇసుక లోపల్నించి... టక్... టక్... ఎవరో వేలి కణుపుతో తలుపు తడుతున్నట్టు.

తిజానీ తన మణికట్టు చూసుకున్నాడు. మంట లేదు. బొబ్బ లేదు. మచ్చ కూడా లేదు.

"లమీన్... నీ చెయ్యేదీ, చూపించు."

దుప్పటి జారింది. తమ్ముడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కి ఉంది.

తిజానీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అనలేదురా... నీకు అబద్ధం చెప్పాను. తప్పు నాది." ఇసుకని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. "నన్ను తీసుకోండి. వాడికేం తెలీదు. నన్ను తీసుకోండి!" గొంతు పోయేలా బిస్మిల్లా, బిస్మిల్లా అని అరిచాడు.

చప్పుడు ఆగింది.

"ఆలస్యమైందన్నా," గుసగుసలాడాడు లమీన్. "ఇందాకే అడిగారు... మూడుసార్లు."

"ఎవర్రా?"

"నువ్వు బిస్మిల్లా అన్నావనే చెప్పాను. నా తల మీద ఒట్టేశాను."

తిజానీ బండెక్కి తమ్ముణ్ణి భుజాన వేసుకున్నాడు. తొంభై కిలోల మనిషి. ఖాళీ డబ్బా అంత బరువు కూడా లేడు. దిగి ఊరి వైపు పరుగెత్తాడు. పది అడుగులు... ఇరవై... వెనక బుల్డోజర్ గొలుసులు కిర్రుమంటూ ఇసుకలోకి జానెడు దిగిన చప్పుడు.

"అన్నా!"

ఆ కేక సీటు మీంచి వచ్చింది. లమీన్ గొంతే. చిన్నప్పట్నించీ ఎరిగిన ఏడుపు గొంతు.

"నన్నొదిలేసి ఎవర్ని మోసుకెళ్తున్నావన్నా?"

తిజానీ కాళ్ళు ఆగిపోయాయి. భుజం మీది చేతులు అతని మెడ చుట్టూ మెల్లగా బిగిశాయి.

"పద," అంది చెవి పక్కన నోరు. "ఇల్లు చూపించు."