పద్నాలుగు సంతకాలు

సోమవారం ఉదయం తొమ్మిది నలభైకి పద్నాలుగో చిప్‌లోంచి కాంతి బయటికి వచ్చింది. అంతకు ముందు పదమూడింటిలోంచి రాలేదు.

డిజైన్ చేసిన అమ్మాయి సంతోషించలేదు. ఈసారి డ్రాయింగ్‌లో ఆమె ఒక్క గీత కూడా మార్చలేదు.

చిప్ చిటికెనవేలి గోరంత. దాని మీద కంటికి కనబడని రంధ్రాల వరుసలు. రంధ్రాలున్న చోట కాంతికి దారి ఉండదు. మధ్యలో ఒక వరుస వేయకుండా వదిలేస్తే, అదే కాంతి నడిచే సందు. ఆ సందు మలుపులోనే పదమూడుసార్లూ కాంతి ఆగిపోయింది.

చిప్‌లు చెక్కే యంత్రంలోని ఫైలు తెరిచి చూసింది. మలుపు దగ్గర పన్నెండు రంధ్రాలు ఆమె గీసినదానికన్నా ఎనిమిది నానోమీటర్లు చిన్నవి.

ఆ యంత్రాన్ని ముట్టుకునేది ఒక్కడే. ల్యాబ్‌లో అందరూ అతన్ని మూగనోము అంటారు. క్లీన్‌రూమ్ కిటికీలోంచి చిప్ అందిస్తాడు. ముసుగు, మాస్కు పోగా ఎనిమిది నెలల్లో ఆమె చూసినవి రెండు కళ్ళు.

రెండేళ్ళ క్రితం ఒక సీనియర్ ఆమె డిజైన్‌ను తన పేరుతో ప్రచురించుకున్నాడు. ఈ డిజైన్ మీద పరిశోధన పత్రం శుక్రవారం పంపాలి.

అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, దొంగ దొరికాడు."

"కళ్ళు బాగుంటాయన్నావు, ఆ దొంగేనా?"

"నేనెప్పుడన్నాను?"

"నాలుగుసార్లు. అయినా నీకు తాడు కనబడినా పామేగా! ముందు అడిగి చావు."

కిటికీ తట్టింది.

"నా డ్రాయింగ్ మార్చారా?"

"మార్చాను."

"ఎవర్నడిగి?"

"మిమ్మల్నే."

"అబద్ధం!"

అతను లోపలి నుంచి కాగితాల కట్ట తెచ్చాడు. ప్రతి చిప్‌తో ఒక షీటు వస్తుంది. చెక్కినవాడు ప్రశ్న రాస్తాడు. డిజైనర్ సంతకం పెడితే ఒప్పుకున్నట్టు. లోకంలో ఎవర్నీ నమ్మని ఆమె, చిప్ అందుకునే తొందరలో పద్నాలుగు షీట్ల మీదా చదవకుండా సంతకం పెట్టింది.

పదమూడో షీటు: "మలుపు దగ్గర రంధ్రాలు గీసినదానికన్నా పెద్దవిగా పడుతున్నాయి. ఫైల్లో తగ్గిస్తే సరిగ్గా వస్తాయి. తగ్గించనా?" కింద ఆమె సంతకం.

పన్నెండోది: "శనివారం నాలుగింటికి ఎదురు షాపులో కాఫీ తాగుదామా?" కింద ఆమె సంతకం.

"వెళ్ళారా?"

"వెళ్ళాను. ఏడింటిదాకా కూర్చున్నాను."

"నోరు తెరిచి అడగొచ్చుగా!"

"సంతకం పెట్టారుగా."

"నేను రాకపోయినా రంధ్రాలెందుకు సరిచేశారు?"

"దానికీ సంతకం ఉందండీ."

ఆమె కట్ట మూసింది. "పత్రంలో పేరు కావాలా? అందుకేనా ఇదంతా?"

"పేరక్కర్లేదు. శనివారం కావాలి."

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పత్రం వెళ్ళింది. రచయితలు ఇద్దరు. అతను ప్రతి పేజీ చదివేదాకా ఆమె సంతకం పెట్టనివ్వలేదు.

శనివారం ఆమె మూడున్నరకే షాపులో కూర్చుంది. అతను నాలుగింటికి వచ్చాడు.